బోల్టు మీద ఎర్ర చుక్క

ముదిగుబ్బ దాటి కదిరి వైపు పోయే రోడ్డు పక్కన, శెనక్కాయ చేలోకి ముక్కు పెట్టి ఆగిపోయిన కారు ముందు మస్తాన్ భాయ్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. జాకీ ఎత్తి ఎడమ ముందు చక్రం విప్పాం. లోపల, చక్రంతో తిరిగే డిస్కును అదిమి ఆపే బ్రేకు క్యాలిపర్ ఒక పక్కకు ఒరిగి, చక్రం రింగును గీకి గీకి వెండిలా మెరుస్తోంది. దాన్ని పట్టి ఉంచాల్సిన బోల్టులు రెండు. కిందిది లేదు. పైది ఉంది కానీ చివరి మరల మీద వేలాడుతోంది. వేలితో తిప్పితే తిరిగింది.

ఆ బోల్టు తల మీద ఎర్ర చుక్క ఉంది.

మా షెడ్డులో ఎర్ర చుక్కకు ఒకటే అర్థం. ఈ బోల్టు పూర్తిగా బిగించడం అయిపోయింది, ఇక దాని జోలికి పోనక్కర లేదు అని. బిగించినవాడే పుల్లతో కాస్త పెయింటు తీసి పెడతాడు. మస్తాన్ భాయ్ ఆ చుక్కను బొటనవేలితో రుద్దాడు. ఎండిన పెయింటు అయితే కదలదు. ఇది వేలికి అంటుకుంది. వేలిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత తల తిప్పి, కాస్త దూరంలో తుమ్మచెట్టు కింద టవలు పరుచుకుని కూర్చున్న ముసలావిడ వైపు చూశాడు. ఆమె కారు యజమాని శెట్టి గారి తల్లి. కారు చేలోకి దిగినప్పుడు ముందు సీటుకు తగిలి ఆమె నుదురు బొప్పి కట్టింది. తడిగుడ్డ అద్దుకుంటూ, మమ్మల్ని చూసి నీళ్ళు తాగినారా అని అడుగుతోంది.

మా వెనకాలే శెట్టి గారు నిలబడి ఉన్నారు. ఇంకొంచెం అవతల డ్రైవరు రామాంజి, చెప్పులు చేతిలో పట్టుకుని. మేం వచ్చేసరికే శెట్టి అతనితో రేపటి నుంచి రావద్దని చెప్పేశాడు. ముసలామెను కూర్చోబెట్టుకుని ఒళ్ళు తెలీకుండా తోలినాడని ఆయన కోపం.

"ఏం కనిపించిందప్పా?" అన్నాడు శెట్టి.

మస్తాన్ భాయ్ వేలును ప్యాంటుకు తుడుచుకుని లేచాడు.

"తప్పు నాది శెట్టీ. బోల్టులు బిగించకుండా బండి ఇచ్చినా. రామాంజిని ఏమీ అనొద్దు."

అనంతపురంలో మెకానిక్కుగా, ఆ తర్వాత ఒక దినపత్రిక ఆఫీసులో బండ్ల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నవాళ్ళు నన్ను అడిగేది ఎక్కువగా కంప్యూటర్ల గురించి, సెన్సార్ల గురించి. వాటి సంగతి నాకన్నా వాళ్ళకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది బోల్టుల సంగతి. అందులోనూ ఆ రెండు బోల్టుల సంగతి.

పండగ ముందు రోజు

మస్తాన్ భాయ్ షెడ్డు అనంతపురంలో పాత బస్టాండు వెనక సందులో ఉండేది. యజమాని ముస్లిం, పనివాళ్ళలో ఎక్కువమంది హిందువులు, బండ్లు అందరివీ. ఆయుధపూజ మాత్రం ఆ సందులో అందరికన్నా బాగా చేసేది ఆయనే. గుమ్మడికాయ, నిమ్మకాయలు, బొరుగులు, చెనిగపప్పు, చామంతి మాలలు అన్నీ ఆయనే తెప్పించేవాడు. పూజ దగ్గర కూర్చునేది మేం. ఆయన అందరితో కలిసి ప్రసాదం తీసుకునేవాడు.

పూజకు ముందు రోజు దీపాలు పెట్టే వేళకు పనిముట్లన్నీ కిరోసిన్‌తో కడిగి, తుడిచి, చెక్క మీద వరుసగా పేర్చాలి. ఒకసారి పూజలో పెట్టాక పండగ మరుసటి పొద్దున తీసేదాకా ముట్టకూడదు. మా వైపు ఏ షెడ్డులోనైనా ఇదే పద్ధతి. ఒకసారి ఎవరో దీని గురించి మస్తాన్ భాయ్‌ని ఎగతాళి చేశారు, నీకెందుకు భాయ్ ఈ పట్టింపు అని. పనిముట్టుకు ఒక రోజు సెలవు ఇయ్యలేనోడు మేస్త్రీ ఎట్లయితాడని ఆయన తిరిగి అడిగాడు.

ఆ ఏడు పండగ ముందు రోజు శెట్టి గారి కారు షెడ్డులో ఉంది. శెట్టి గారిది బట్టల వ్యాపారం. ఊళ్ళోనూ ఉరవకొండలోనూ దుకాణాలు. బ్రేకులు పీకుతున్నాయని తెస్తే, విప్పి చూసినప్పుడు క్యాలిపర్ బోల్టుల తలలు అరిగిపోయి ఉన్నాయి. ఇంతకుముందు ఎవరో సైజు కుదరని పానా పెట్టి తిప్పారు. నాలుగూ మార్చాలని మస్తాన్ భాయ్ కొత్తవి తెప్పించాడు. కుడి పక్క రెండూ వేసి, ఎంత బిగించాలో చెప్పే కొలత పానాతో బిగించి, ఎర్ర చుక్కలు పెట్టేశాడు. ఎడమ పక్క పాత బోల్టు ఒకటి మొండికేసింది. అది ఊడి వచ్చేసరికి పొద్దు వాలింది.

అప్పటికి మిగతా పనిముట్లన్నీ చెక్క మీదికి ఎక్కాయి. ఆయన చేతిలో ఉన్న కొలత పానా కోసమే అందరూ కాచుకుని ఉన్నారు. అదే మా షెడ్డులో అన్నిటికన్నా ఖరీదైన పనిముట్టు, దేవుడి పక్కన దాని చోటు ఖాళీగా ఉంది. నేనే పోయి అడిగాను. ఆయన కొత్త బోల్టులు రెండూ చేత్తో నాలుగు చుట్లు తిప్పి, క్యాలిపర్ పడిపోకుండా నిలబెట్టి, పానా నాకిచ్చేశాడు. ఎల్లుండి పొద్దున్నే మొదట ఇదే పని అన్నాడు.

మరుసటి రోజు పూజకు శెట్టి గారి తల్లి వచ్చింది. ఆమె భర్త పెద్ద శెట్టి బతికున్న రోజులవి. ఏటా ఆమె తన కారుకు తన చేత్తోనే బొట్టు పెట్టేది, ఇంకొకరిని పెట్టనిచ్చేది కాదు. ఆ రోజు చక్రం లేకుండా స్టాండు మీద నిలబడి ఉన్న కారును చూసి మొదట నొచ్చుకుంది. తర్వాత స్టూలు వేయించుకుని చక్రం ఉండాల్సిన చోట కూర్చుంది. బ్రేకు ఏది, అది ఏం చేస్తుంది, ఆపేది ఇదేనా అని అడిగింది. ఇదే అవ్వా అని చెప్పాను. ఇన్నేళ్ళూ పైపైన పూజ చేసి పోతాంటిమే, మమ్మల్ని కాపాడేది ఈడ కూచోనుండాది కదప్పా అంది. కుంకుమను నూనెతో తడిపి, డిస్కుకు, క్యాలిపర్‌కు, కంటికి కనిపించిన ప్రతి బోల్టుకు శ్రద్ధగా చుక్కలు పెట్టింది. డిస్కు మీదిది మాత్రం నేను తర్వాత తుడిచేశాను, నూనె తగిలితే బ్రేకు పట్టదు కాబట్టి.

విజయదశమి పొద్దున షెడ్డు ముందు బండ్లు బారులు తీరాయి. మంచి రోజు ప్రయాణాలు, అందరికీ తొందర. మస్తాన్ భాయ్ పూజలోంచి పనిముట్లు తీసి మాకిచ్చి, వచ్చినవాళ్ళతో మాట్లాడి శెట్టి గారి కారు దగ్గరికి వచ్చాడు. ఎడమ చక్రం లోపల చూస్తే బోల్టులు రెండింటి మీదా ఎర్రగా చుక్కలు. ఆలోగా మాలో ఎవరో బిగించేశారు, పని అయిపోయిందనుకున్నాడు. చక్రం ఎక్కించి, నట్లు బిగించి, నిమ్మకాయలు పెట్టించి కారు ఇచ్చేశాడు.

రామాంజి విన్న శబ్దం

శెట్టి, తల్లి కదిరిలో దేవుడి దర్శనం చేసుకుని, తనకల్లులో బంధువుల ఇంటికి పోవాలని బయల్దేరారు. బత్తలపల్లి దాటినాక రామాంజికి ఎడమ పక్క నుంచి టక్కు టక్కుమని శబ్దం వినిపించింది. చెప్పాడు. రోడ్డు మీద రాళ్ళు లేరా అన్నాడు శెట్టి. ముదిగుబ్బలో టీకి ఆపినప్పుడు ఒకసారి చక్రం విప్పి చూస్తానన్నాడు. రాహుకాలం వస్తాండాది, దర్శనం అయినాక చూడొచ్చులే అన్నాడు శెట్టి. మూడోసారి రామాంజి చెప్పలేదు. చెప్పకుండానే వేగం బాగా తగ్గించాడు. ఎద్దులబండి తోలినట్ల తోలతాండావేమిరా అని శెట్టి విసుక్కున్నాడు కూడా. కింది బోల్టు ఊడి, క్యాలిపర్ రింగుకు తగిలి, చక్రం పట్టేసినప్పుడు ఆ వేగంలో ఉన్నారు కాబట్టే కారు చేలో దిగి ఆగింది.

ఇదంతా మాకు తెలిసింది ఆ సాయంత్రం, రామాంజి చెబితే. రోడ్డు పక్కన నిలబడినప్పుడు తెలిసింది ఒకటే, అతని ఉద్యోగం పోయిందని. మస్తాన్ భాయ్ తప్పు ఒప్పుకున్నాక శెట్టి కోపం ఆయన మీదికి మళ్ళింది.

"బోల్టుకు బొట్టు పెట్టి నాకు నామం పెట్టినావు కదా భాయ్" అన్నాడు.

బొట్టు అనగానే నేను నోరు తెరవబోయాను. మస్తాన్ భాయ్ నా చేయి పట్టుకుని గట్టిగా నొక్కాడు. శెట్టి అన్నది మా షెడ్డు పెయింటు చుక్క గురించి. ఆయనకు అసలు సంగతి తెలీదు.

తిరిగి వచ్చేటప్పుడు బండిలో అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"ఆ యమ్మ కొడుకు చల్లగుండల్లని పెట్టిందప్పా. దానివల్లే కారు చేలో పడిందని చెప్పి, ఆమెకు బతికినన్ని పండగలూ పాడు చెయ్యల్లా?" అన్నాడు. కాసేపటికి మళ్ళీ అన్నాడు, "కుంకుమ బోల్టును బిగిస్తాదా, వదులు చేస్తాదా? బిగించాల్సింది నేను. చూసినా, చెయ్యి పెట్టలా."

శెట్టి ఊరుకోలేదు. బజారులో వ్యాపారులందరికీ చెప్పాడు. వాళ్ళ కార్లు చాలాకాలం మా సందులోకి రాలేదు. మస్తాన్ భాయ్ ఒక్కరితోనూ కుంకుమ మాట ఎత్తలేదు.

ఇక రామాంజి. రెండు రోజుల తర్వాత శెట్టి మనిషిని పంపాడు, పనిలోకి రమ్మని. రామాంజి షెడ్డుకు వచ్చి మా ముందే ఆ మనిషితో మాట్లాడాడు.

"తప్పు బోల్టుదని తేలింది కాబట్టి పిలిచినాడు. తేలకుంటే పిలిచేటోడా? శబ్దం వస్తాండాదని చెప్పినానా లేదా, ఆ మాట ఆయన నోటితో అనమను. వస్తా."

శెట్టి అనలేదు. రామాంజి పోలేదు. ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు, అద్దె ఇల్లు. మస్తాన్ భాయ్ తల పట్టుకున్నాడు. మొండిగా ఉండొద్దని బతిమాలాడు. వినలేదు. డ్రైవరు మాట నమ్మని ఓనరు కింద పనిచేస్తే ఈసారి చేను ఉండదు భాయ్, లోయ ఉంటాది అన్నాడు.

బిగించడం గురించి

ఇక్కడ కాస్త ఆగి పని సంగతి చెప్పాలి. ఇది తెలియకపోతే పైదంతా ఊరికే కథ అయిపోతుంది.

మా అనంతపురంలో వాన తక్కువ, తుప్పు తక్కువ. మా శత్రువు దుమ్ము. విప్పిన బోల్టు మరల్లో ఎర్రమట్టి పట్టి ఉంటుంది. అది తీయకుండా బిగిస్తే, పానాకు గట్టిగా తగులుతున్నట్టే ఉంటుంది, నిజానికి బోల్టు కూర్చోదు. కాబట్టి ముందు మరలను వైరు బ్రష్‌తో శుభ్రం చేయాలి, బోల్టువీ, బోల్టు దూరే చోటువీ. చాలా కంపెనీలు క్యాలిపర్ బోల్టు ఒకసారి విప్పితే కొత్తది వేయమంటాయి. ఊరికే అనవు. మరల మీద, బోల్టు వదులు కాకుండా పట్టే జిగురు ఒక చుక్క. తర్వాత చేత్తో తిప్పాలి. చేత్తో సులువుగా పోకపోతే మర తప్పిందని లెక్క, వెనక్కి తీయాలి. పానాతో బలవంతం చేసి దారికి తేవాలనుకోవద్దు. బోల్టులు రెండూ చేత్తో దూరాక, కంపెనీ చెప్పిన కొలత పెట్టి, పానా టక్కుమనేదాకా నిదానంగా లాగాలి. టక్కుమన్నాక ఆపాలి.

ఆ ఆపడమే చాలామందికి చేతకాదు. మాతో పనిచేసిన వెంకటేశుకు ఎద్దంత బలం. పానాకు ఇనుప పైపు తొడిగి, ఇంకొంచెం, ఇంకొంచెం అని లాగేవాడు. బండి మీద అతనికున్న ప్రేమ అట్లా బయటపడేది. ఒక రోజు బోల్టు మెడ తెగి అతను వెనక్కి పోయి బండ్లలోంచి దించిన డ్రెయిన్ ఆయిలు తొట్టిలో కూర్చున్నాడు. మస్తాన్ భాయ్ అతన్ని లేపుతూ, నీ పెండ్లాంను గూడా ఇంత ప్రేమించొద్దప్పా అన్నాడు. వదులు బోల్టు ఊడిపోతుంది, అతిగా బిగించినది సాగి తెగుతుంది. రెండూ రోడ్డు మీదే.

ఇంకొకటి. బ్రేకు పని అయ్యాక బండి కదిలించే ముందు పెడల్ పలుమార్లు తొక్కి, అది గట్టిపడేదాకా చూడాలి. ఇది మరిచి గోడను గుద్దినవాళ్ళను నాకు తెలుసు.

చుక్క పోయి గీత వచ్చింది

ఆ దసరా తర్వాత మా షెడ్డులో ఎర్ర పెయింటు నిషేధం. మరి ఏ రంగు? పసుపు పెడదామంటే పండగ నాడు పసుపూ పూస్తారు. తెలుపంటే విభూతి. పచ్చ రంగు పెడదామని నేనంటే మస్తాన్ భాయ్ నవ్వాడు, సాయిబు బోల్టులకు గూడా పచ్చ పూసినాడంటారు వద్దప్పా అని. నీలం అనుకుంటే అప్పుడు ఎన్నికల కాలం. ఏ రంగు పెట్టినా ఫలానా పార్టీ షెడ్డు అని పేరు పడేట్టుంది. వారం రోజులు ఈ చర్చ నడిచింది. టీకి వచ్చినవాళ్ళంతా సలహా ఇచ్చి పోయారు.

చివరికి మార్చింది రంగును కాదు, గుర్తును. చుక్కకు బదులు గీత. బోల్టు తల మీద మొదలై, పక్కనున్న క్యాలిపర్ మీదికి తెగకుండా పోయే గీత. చుక్క ఉంటే ఎవరో పెట్టారని మాత్రమే తెలుస్తుంది. గీత అయితే బోల్టు వెంట్రుకంత తిరిగినా రెండు ముక్కలై కనిపిస్తుంది. మళ్ళీ బండి వచ్చినప్పుడు కూడా చూసుకోవచ్చు. ఇంకో నియమం కూడా పెట్టాడు. గీత ఉన్నా సరే, చక్రం ఎక్కించేవాడు పానా ఒకసారి వేసి చూడాలి. పూజకు ముందు సగం పని మిగిలితే ఆ బోల్టును చేత్తో కూడా తిప్పి వదలకూడదు. తీసి డ్రైవరు సీటు మీద పెట్టాలి. అది అక్కడ ఉండగా ఎవడూ బండి తోలలేడు.

ఈ గీత ఎక్కడో పెద్ద ఫ్యాక్టరీలలో ముందునుంచీ ఉన్నదేనని తర్వాత తెలిసింది. మాకు మాత్రం అది అవ్వ పెట్టిన కుంకుమ నుంచే వచ్చింది.

పత్రికాఫీసులో

తర్వాత నాకు పత్రికాఫీసులో ఉద్యోగం వచ్చింది. జిల్లా అంతా పేపరు కట్టలు మోసే బండ్లు పొద్దెక్కినాక తిరిగి వస్తే, వాటిని చూసి మళ్ళీ సిద్ధం చేయడం నా పని. రామాంజిని కూడా అక్కడికి తెచ్చింది నేనే. మంచి డ్రైవరని సిఫారసు చేయడానికి నాకు పెద్దగా మాటలు అక్కర్లేకపోయింది. ముదిగుబ్బ సంగతి చెప్పాను, చాలు.

అక్కడ డెస్కులో ఒక పెద్దాయన ఉండేవాడు. బండి ఎందుకు చెడింది అని నేను చెప్పే మాటలను కూడా వార్త దిద్దినట్టే దిద్దేవాడు. నువ్వు చూసింది ఏది, ఎవరో చెప్పింది ఏది, నువ్వు అనుకున్నది ఏది, మూడూ వేరు చెయ్యి అనేవాడు. మొదట్లో చిరాకేసేది. బ్రేకు పోయింది సార్ అంటే, పోయిందని నీకెవరు చెప్పారు అని అడిగేవాడు. రానురాను అలవాటైంది. నాలుగు వాక్యాలు తిన్నగా రాయడం ఆయన వల్లే వచ్చింది. ఎర్ర చుక్క సంగతి ఆయనకు చెబితే, మీ భాయ్ చూసింది ఎరుపు, అనుకున్నది బిగింపు అన్నాడు.

మస్తాన్ భాయ్ మౌనం గురించి ఆయనకూ నాకూ వాదన జరిగింది. ఆ మాట దాచకుండా ఉంటే మిగతా షెడ్డులు కూడా జాగ్రత్త పడేవి కదా అని ఆయన. ఒక ముసలామె మనసు కన్నా ఊరి బ్రేకులు ముఖ్యం అన్నాడు. నేను ఒప్పుకోలేదు. ఇప్పుడు మాత్రం, ఇద్దరిలో ఎవరు సరైనవారో నేను తేల్చలేను. మస్తాన్ భాయ్‌కి తర్వాత ఒక దారి దొరికింది. అవ్వ సంగతి చెప్పకుండా గీత సంగతి మాత్రం సందు సందుకూ తిరిగి చెప్పాడు. ఆయన్ను వెలేసిన వ్యాపారుల కార్లు బాగుచేసే షెడ్డులకు కూడా పోయి చూపించి వచ్చాడు.

శెట్టి గారి దుకాణంలో

అవ్వ పోయి కొంతకాలమైంది. చివరి దాకా ఏటా కారుకు బొట్టు పెట్టింది. కారెక్కినప్పుడల్లా రామాంజి యాడ అని అడిగేదట. ఆమె పోయిన రోజు రామాంజి వచ్చి పాడె మోశాడు. శెట్టి చూశాడు. ఇద్దరూ మాట్లాడుకోలేదు.

ఇది రాయాలనుకున్నప్పుడు మస్తాన్ భాయ్‌ని అడిగాను. ఇప్పుడు ఆయన షెడ్డుకు పోవడం లేదు. రాసుకో, పేర్లు మార్చు అన్నాడు, మార్చాను. తర్వాత శెట్టి గారి దుకాణానికి పోయాను. ఆయనకు చెప్పకుండా అచ్చులో పెట్టడం పద్ధతి కాదు. కుంకుమ సంగతి మొదటిసారి ఆయనకు చెప్పాను. ఆయన చేతిలో మడత పెడుతున్న చీర అలాగే ఉండిపోయింది.

"అమ్మ పెట్టిందా?" అన్నాడు. "భాయ్‌కి తెలుసునా?"

అక్కడే తెలిసిందని, వేలు తుడుచుకున్నాడని చెప్పాను. గల్లా పెట్టె దగ్గరున్నవాణ్ణి టీ తెమ్మని బయటికి పంపించాడు.

"నాకూ వినపడిందప్పా ఆ శబ్దం" అన్నాడు. "వాడు రెండోసారి చెప్పినప్పుడు నాకు గూడా బాగా వినపడింది. దర్శనానికి ఆలస్యమైతాదని గమ్మునున్నా."

ఈ మాట వినాల్సినవాడు నేను కాదు కదా శెట్టీ అన్నాను. తెలుసులే అన్నాడు. నీది అచ్చయ్యే లోపల నేనే పోయి వానికి చెప్తా, అంతవరకు నువ్వు నోరు విప్పొద్దు అన్నాడు. సరేనన్నాను.

రామాంజి ఇల్లు ఆ దుకాణానికి వెనక వీధిలోనే. నిన్న సాయంత్రం అటే పోయి రామాంజితో కాసేపు కూర్చుని వచ్చాను. శెట్టి ఇంకా అక్కడికి రాలేదు.